పురుగుల ఇంటికీ పెరటికీ నడుమ ఒక గీత



"పురుగు మేపే ఇంట్లో కోళ్లు పెట్టుకోవచ్చా? పెరట్లో కూరగాయలు వేసుకోవచ్చా?" కొత్తగా షెడ్డు కట్టుకున్నవాళ్లు అడిగే మాట ఇది. శిడ్లఘట్ట, చింతామణి వైపు అయినా, హోసూరు, దెంకణికోట వైపు అయినా ఇదే మాట. కొందరు వద్దే వద్దు, కోడి అడుగు పెడితే పంట పోతుంది అంటారు. ఇంకొందరు మా అవ్వ కాలం నుంచీ కోళ్లు ఉన్నాయి, ఏమయింది అంటారు.

మేము చెప్పేది ఏమంటే, కోళ్లూ ఉండొచ్చు, కూరగాయల మడీ ఉండొచ్చు, గూళ్లతో చేతిపనీ చేసుకోవచ్చు. కానీ పురుగుల ఇంటికీ పెరటికీ నడుమ ఒక గీత ఉండాలి. ఆ గీత ఎక్కడ గీయాలో తెలిస్తే రెండూ బాగుంటాయి. తెలియకపోతే 100 డీఎఫ్ఎల్ పంట, అంటే 40 వేలకు పైన పురుగులు, చివరి వారంలో చేతికి రాకుండా పోవచ్చు. అప్పటికి ఆకు మేపేసి ఉంటాం, కూలి ఇచ్చేసి ఉంటాం. అందుకే ఈసారి ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తా ఉన్నాం.

*పెరడు ఎందుకు వదులుకోకూడదు*

గూళ్ల డబ్బు పంటకొకసారి వస్తుంది. మార్కెట్టుకు తీసుకుపోయిన పొద్దు ఎంత పలికితే అంత. గుడ్ల డబ్బు అట్లా కాదు. కొంచెం కొంచెంగా వస్తుంది, కానీ వస్తానే ఉంటుంది. అది ఆడవాళ్ల చేతిలో ఉండే డబ్బు. పిల్లల నోటు పుస్తకాలు, బస్సు చార్జీ, చిల్లర అంగడి బాకీ దాంట్లోనే తీరిపోతాయి. గూళ్ల ధర పడిపోయిన పంటలో ఇల్లు నడిపించేది చాలాసార్లు ఇదే.

ఇంకొక సంగతి. ముందర రాగి చేలో నడుమ నడుమ అనప, అలసంద, కంది సాళ్లు వేసేవాళ్లం. ఇప్పుడు ఉన్న ఒకటి రెండు ఎకరాలూ మల్బరీ అయిపోయింది. సంక్రాంతి ముందర అనపకాయలు కూడా సంతలో కొనుక్కొని పితికిన పప్పు చారు చేసుకుంటా ఉన్నాం. ఇంటి వెనక నాలుగు సెంట్లు మడి ఉంటే ఆ ఖర్చు మిగులుతుంది, ఆకుకూర తాజాగా కూడా దొరుకుతుంది.

*కోడికీ పురుగుకీ ఎక్కడ తగులుతుంది*

కోడి పురుగును పొడుచుకొని తింటుందని మాత్రమే చాలామంది భయపడతారు. అది చిన్న నష్టం. తలుపు వేస్తే ఆగిపోతుంది. పెద్ద నష్టం కంటికి కనపడదు.

పాలరోగం వచ్చిన పురుగునో, పెబ్రిన్ వచ్చిన పురుగునో కోడి తింటే, ఆ జబ్బు బీజాలు కోడి కడుపులో చావవు. రెట్టతో బయటికి వస్తాయి. కోడికి ఏమీ కాదు, హాయిగా తిరుగుతా ఉంటుంది. అది మల్బరీ తోటలోకి పోతే అక్కడ, ఆకు గది ముందర నిలబడితే అక్కడ, జబ్బు వదిలిపెడుతుంది. ఆ రెట్ట పడిన ఆకు కోసుకొచ్చి వేస్తే తరవాత పంటకు మనమే జబ్బు పెట్టినట్టు అవుతుంది.

అందుకే ఒక అలవాటు మానుకోవాలి. చంద్రికల మీదికి పురుగు ఎక్కించినాక అడుగున కొన్ని మిగిలిపోతాయి. గూడు కట్టవు, ఊరికే తిరుగుతా ఉంటాయి. "పాపం, కోళ్లకన్నా వేద్దాం" అని గంపలో ఎత్తి పెరట్లో పోస్తారు. అన్నీ గూడు కట్టినప్పుడు అవి ఎందుకు కట్టలేదు? దాంట్లో చాలావాటికి జబ్బు ఉంటుంది. వాటిని సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసిన బేసిన్లో ఏరి, దూరంగా గుంత తీసి పూడ్చేయాలి. కోడికి వేయకూడదు, తిప్పలో కూడా వేయకూడదు.

పడకల చెత్త కూడా అంతే. దాంట్లో పురుగుల పెంట, మిగిలిన ఆకు, మనం చల్లిన సున్నం, పడక మందు పొడి అన్నీ కలిసి ఉంటాయి. దాన్ని కోళ్లు కెలికితే చెత్త అంతా చెల్లాచెదురు అవుతుంది. చెత్త పెద్ద సొత్తు. ఎకరా మల్బరీ మేపితే ఏడాదికి టన్నుల లెక్కలో వస్తుంది. దాన్ని షెడ్డుకు దూరంగా గుంతలో వేసి, పైన మట్టి కప్పి, మూడు నాలుగు నెలలు మాగనిస్తే మంచి ఎరువు. కోళ్ల పెంటను కూడా పచ్చిగా చెట్టు మొదట్లో పోస్తే వేడికి వేర్లు మాడతాయి, దాన్ని కూడా మాగనిచ్చే వాడాలి. గుంత చుట్టూ ముళ్ల కంచెనో, పాత వలనో కట్టి కోళ్లు పోకుండా చేయండి.

కోడి వల్ల లాభం లేదా అంటే ఉంది. ఊజి ఈగ పిల్లపురుగులు పట్టుపురుగు నుంచి, గూటి నుంచి బయటికి వచ్చి నేల నెర్రెల్లో, మట్టిలో దూరుకుంటాయి. పది పన్నెండు రోజుల్లో మళ్లా ఈగలై లేస్తాయి. పంట అయిపోయి, షెడ్డు బయట చుట్టూ నేల గీకినప్పుడు కోళ్లను వదిలితే ఆ పిల్లపురుగులను, గింజలాంటి వాటి గూళ్లను ఏరుకొని తింటాయి. కానీ షెడ్డు లోపలికి మాత్రం కోడిని వదలొద్దు. లోపల ఏరేది మనమే.

*18 రోజులు, 21 రోజులు*

కోడి పొదిగితే పిల్లలు 21 రోజులకు లేస్తాయి. చాకీ సెంటర్ నుంచి రెండో జ్వరం లేచిన పురుగు తెచ్చుకుంటే చంద్రికకు ఎక్కించేదానికి సుమారు 18 రోజులు పడుతుంది. చలికాలంలో ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. ఎక్కించిన ఐదో రోజో, ఆరో రోజో గూళ్లు విప్పుతాం.

ఈ లెక్క చూసుకొని కోడిని పొదగ వేస్తే పని సులువు. చాకీ పురుగు ఇంటికి వచ్చిన పొద్దే కోడి కింద గుడ్లు పెట్టండి. పురుగు నాలుగో జ్వరం లేచి ఆకు తెగ తినే ఆ ఏడెనిమిది రోజుల్లో కోడి గంప కింద కూర్చొని ఉంటుంది, మనల్ని ఏమీ అడగదు. కొంచెం గింజలు, నీళ్లు చాలు. పిల్లలు లేచేటప్పటికి పురుగు చంద్రిక మీద గూడు కడుతా ఉంటుంది. మన చేతులు ఖాళీ అవుతాయి. కోడి ఎప్పుడు కూర్చుంటే అప్పుడు పొదగ వేస్తే పిల్లలు సరిగ్గా పెద్ద పురుగు రోజుల్లో లేస్తాయి. అప్పుడు ఆకు కోసేదా, పిల్లలను గద్దల నుంచి కాసేదా? ఆ రోజుల్లో ఆడవాళ్లకు నిద్ర కూడా ఉండదు.

నాటు కోడికి 10 నుంచి 12 గుడ్లు చాలు. వారం దాటిన పాత గుడ్లు పెట్టొద్దు. గంపలో ఇసుక, దాని మీద ఎండు గడ్డి వేయండి. గడ్డి తడిగా ఉంటే బూజు పడుతుంది. ఆ జాతి బూజే కోడిపిల్లల ఊపిరితిత్తులకు పడుతుంది, చాకీ పురుగుకూ పడుతుంది. ఏడో రోజు రాత్రి ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి. లోపల సన్నటి ఎర్ర నరాలు కనపడితే మంచిది. ఏమీ లేకుండా తేటగా ఉంటే అది మురిగిపోయేదే, తీసేయండి.

పిల్లలకు మొదట్లో రాగి నూక, బియ్యపు నూక వేయండి. కుండలో పేడ, ఎండు గడ్డి పెట్టి తడిపి, రాత్రి నేల మీద బోర్లించి పెడితే తెల్లారేటప్పటికి చెదలు పడతాయి. మన పెద్దవాళ్లు చేసే పనే ఇది. పిల్లలకు దానంత మేత లేదు.

కొక్కెర రోగం వస్తే ఊరి కోళ్లన్నీ ఒక్క వారంలో పోతాయి. వచ్చినాక మందు లేదు, ముందే వేయించుకోవాలి. పిల్లలకు ఐదు ఏడు రోజుల వయసులో లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేస్తారు. ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ సూది వేస్తారు. పశువుల ఆసుపత్రిలో అడగండి. ఒక సీసాలో చాలా కోళ్లకు సరిపడే మందు ఉంటుంది, కలిపినాక నిలవ ఉండదు. కాబట్టి నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒకే రోజు వేయించుకుంటే మేలు.

నాటు కోడి గుడ్లు తక్కువ పెడుతుంది కానీ పొదుగుతుంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు తెచ్చిన గిరిరాజ, హైదరాబాదు కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తెచ్చిన వనరాజ, గ్రామప్రియ పెరట్లో బాగా పెరుగుతాయి, నాటు కోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. అయితే వాటిని నమ్ముకొని పొదగ వేయలేము. ఒకటి రెండు నాటు కోళ్లు ఉంచుకొని, వాటి కింద ఈ గుడ్లు పెట్టేవాళ్లు ఉన్నారు.

తోటలో మిగిలిన మంచి ఆకు ఒక కట్ట కట్టి కోళ్ల గూట్లో వేలాడదీయండి. పొడుచుకొని తింటాయి, పచ్చసొనకు మంచి రంగు వస్తుంది. పడక మీద నుంచి తీసిన ఆకు మాత్రం వద్దు. రీలింగ్ దగ్గర దొరికే పట్టు గుల్లలో, అంటే గూటి లోపలి పురుగులో, ఎండినాక సగానికి పైన మాంసకృత్తులే ఉంటాయి. బాగా ఎండబెట్టి, పొడి చేసి, మేతలో కొంచెం కలపొచ్చు. ఎక్కువ కలిపితే దాంట్లోని నూనె వల్ల గుడ్డుకు వాసన పడుతుంది.

*మడికి కొట్టే మందు పురుగుకు తగులుతుంది*

కోళ్ల కంటే ఎక్కువ భయపడాల్సింది పిచికారీకి. కోలారు వైపు టమాట తోటలు, శ్రీనివాసపుర వైపు మామిడి తోటలు పక్కపక్కనే మల్బరీ తోటలు. పక్కవాళ్లు మందు కొట్టినప్పుడు గాలికి వచ్చి పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. పురుగు తల ఆడిస్తుంది, పచ్చగా కక్కుతుంది, కుచించుకుపోతుంది. పక్క తోటను ఆపడం మన చేతుల్లో లేదు. మన పెరట్లో వంకాయ చెట్టుకు ఏం కొట్టాలి అనేది మన చేతుల్లోనే ఉంది.

ఇక్కడ ఒక పెద్ద అపోహ ఉంది. "ఇది విషం కాదు, సేంద్రియం, కోళ్లకు, పిల్లలకు ఏమీ కాదు" అని అంగట్లో ఇస్తారు. నిజమే, కోళ్లకు ఏమీ కాదు. కానీ అది పురుగులను చంపేదానికి చేసిన మందు. మనది కూడా పురుగే గదా.

బవేరియా అని అమ్మే పొడి ఉంది. సున్నకట్టు రోగం తెచ్చే బూజు అదే. ఇటలీలో అగోస్తీనో బస్సీ అనే ఆయన ఈ రోగం ఒక బూజు వల్ల వస్తుందని 1835లో పట్టుపురుగుల మీదనే రుజువు చేశారు. ఆ బూజు పూర్తి పేరు బవేరియా బస్సియానా, ఆయన పేరు మీద పెట్టిందే. అట్లానే బీటీ మందు. దాంట్లోని సూక్ష్మజీవిని జపానులో ఇషివాత అనే శాస్త్రజ్ఞుడు 1901లో జబ్బుపడిన పట్టుపురుగుల్లోనే మొదట గుర్తించారు. ఈ రెండూ మన పెరట్లోకి రాకూడదు.

వేపనూనె, పొగాకు కషాయం కూడా పట్టుపురుగుకు పడవు. వేప తగిలిన ఆకు పురుగు సరిగ్గా తినదు, తిన్నా ఎదగదు. పొగాకు అయితే చంపేస్తుంది. పొగాకు నలిపిన చేత్తో ఆకు వేయకూడదని పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు.

కోడి పేలకు, ఆవు గోమార్లకు పూసే మందులూ ఇట్లాంటివే. ఆవుకు మందు పూసి, చేతులు పైపైన కడుక్కొని ఆకు వేసేదానికి పోతే పడక మొత్తం పోవచ్చు. దోమల కాయిల్, దోమల బిళ్ల పొగ కూడా షెడ్డు చాయలకు రాకూడదు. కోడి పేలకు సులువైన దారి ఉంది. నీడలో చిన్న గుంత తీసి కట్టెల బూడిద, సన్న ఇసుక కలిపి పోయండి. కోళ్లు వాటంతట అవే దాంట్లో పొర్లాడతాయి, పేలు తగ్గుతాయి. ఆవుకు మందు తప్పనిసరి అయితే రెండు పంటల నడుమ ఖాళీ రోజుల్లో పూయండి.

మరి మడిలో ఏం వేయాలి? మందు అడగని మొక్కలు. తోటకూర, చుక్కకూర, గోంగూర, మెంతికూర, కరివేపాకు, పుదీనా, గుమ్మడి, సొర. నెలా రెండు నెలల్లో కోసేసే ఆకుకూరలకు పురుగు పడినా పీకేసి మళ్లా చల్లొచ్చు. అనప, అలసందకు పేను పడితే పొద్దున్నే నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయండి, బాగా పట్టిన కొసలు తుంచేయండి. మునగ చెట్టుకు గొంగళి పురుగులు గుంపుగా మొదలు మీద కూర్చుంటాయి. అప్పుడు గుడ్డ చుట్టిన కర్రకు నిప్పు పెట్టి దూరం నుంచి సెగ చూపిస్తే రాలిపోతాయి. ఎండాకాలం గడ్డివాము దగ్గర ఉంటే మాత్రం ఈ పని వద్దు. వంకాయ, క్యాబేజీ మందు లేకుండా రావడం కష్టం. అవి సంతలో కొనుక్కుందాం.

*మిగిలిన గూళ్లు, పాత చంద్రికలు*

ప్రతి పంటలో మార్కెట్టుకు పనికిరాని గూళ్లు కొన్ని పక్కకు పడతాయి. జోడు గూళ్లు, పల్చటివి, ఊజి తొలిచినవి. ఊజి తొలిచిన గూటికి ముందే బొక్క ఉంటుంది, దారం తీయడానికి రాదు, కానీ దండ గుచ్చేదానికి అదే వాటం. పట్టు శాఖ సభల్లో పెద్దవాళ్లకు వేసే గూళ్ల దండలు చూసే ఉంటారు. అది ఇంట్లో చేసుకోలేని పని కాదు.

గూడు ఒక కొసన కత్తిరించి లోపలి పురుగు తీసేయండి. కొస నుంచి ఐదు చీలికలు చేసి వెనక్కి వంచితే పువ్వు. పొడుగ్గా చేసిన రెండు ముక్కలు ఎదురెదురుగా కుడితే సీతాకోకచిలుక. రంగు కావాలంటే మిఠాయి రంగు వేడి నీళ్లలో కలిపి, కొంచెం వెనిగర్ పోసి ముంచండి. పట్టుకు రంగు గట్టిగా పడుతుంది. సోడా, సబ్బు వేసి ఉడికించొద్దు, బంక కరిగి గూడు మెత్తబడి ఆకారం పోతుంది. నీడలో ఆరబెట్టాలి. లోపల చచ్చి కరిగిపోయి మరక పడిన గూళ్లు మాత్రం వాసన వస్తాయి, వాటిని పారేయండి.

ఒక జాగ్రత్త. ఈ గూళ్లను మూట కట్టి షెడ్డు అటక మీద పెట్టకండి. గూళ్లు తినే చిన్న నల్ల పురుగు దాంట్లో పుట్టి పెరుగుతుంది. కోసి, శుభ్రం చేసి, మూత ఉన్న డబ్బాలో వంటింట్లో పెట్టుకోండి.

వెదురు చంద్రికలు చాలా ఇళ్లల్లో అటక మీద దుమ్ము పట్టి ఉన్నాయి. ప్లాస్టిక్ వలలు వచ్చినాక వాటిని ఎవరూ దించడం లేదు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మేదరవాళ్లు అల్లిన మంచి పని అది. కాల్చేయకండి. బ్లీచింగ్ నీళ్లతో కడిగి రెండు మూడు రోజులు మండుటెండలో పెడితే మిరపకాయలు, వడియాలు ఎండబెట్టేదానికి పనికొస్తుంది. సొర తీగకు, అనప తీగకు నిలబెట్టి పందిరి చేయొచ్చు. నాలుగు కట్టి పైన పాత గోనె వేస్తే కోడిపిల్లలకు పగటి గూడు. పిల్లలు లోపల, గద్ద బయట. అయితే ఒకసారి పెరట్లోకి దిగిన చంద్రిక మళ్లా షెడ్డులోకి ఎక్కకూడదు.

*గీత ఎట్లా గీయాలి*

1. కోళ్ల గూడు షెడ్డుకు, ఆకు గదికి వీలైనంత దూరంగా ఉండాలి. ఆషాఢంలో పడమటి గాలి, కార్తీకంలో తూర్పు గాలి. కాబట్టి గాలి రాని వైపు అంటూ ఏడాది పొడుగునా ఉండదు. దూరమూ కంచే కాపాడాలి.

2. మల్బరీ తోటలోకి కోళ్లు పోకుండా కంచె. ముఖ్యంగా చాకీ ఆకు కోసే మడికి.

3. ముందు పురుగు, తరవాత కోడి. పొద్దున ఆకు కోసి, వేసి, ఆ తరవాత పెరటి పని. కోళ్లను తెల్లవారే వదలాల్సి వస్తే ఆ పని ఇంట్లో ఇంకొకరికి, పిల్లలకు అప్పగించండి.

4. షెడ్డుకు వేరే చెప్పులు. గుమ్మం దగ్గర సున్నం, బ్లీచింగ్ కలిపిన పళ్లెం, చేతులకు సబ్బు.

5. పెరటి చీపురు, పార, గంప పెరటికే. షెడ్డువి షెడ్డుకే. గుర్తుకు పిడికి రంగు పూయండి.

6. పంట అయినాక షెడ్డు కడిగే రోజు కోళ్లను మూసి పెట్టండి. 2 శాతం బ్లీచింగ్ పౌడర్, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లు పిచికారీ చేస్తాం గదా, ఆ నీళ్లు కోళ్లు తాగకూడదు.

7. పెరట్లోకి ఏ మందు వచ్చినా ముందు ఒకటే ప్రశ్న: ఇది పురుగును చంపేదేనా? అయితే వద్దు.

దీంట్లో డబ్బు ఖర్చయ్యేది కంచెకు మాత్రమే. మిగిలినదంతా అలవాటు. ఇంట్లో అందరికీ తెలియాలి, ముఖ్యంగా సెలవులకు వచ్చే పిల్లలకు, కూలికి వచ్చేవాళ్లకు.

మీ ఇంట్లో కోళ్లు, మడి ఎట్లా పెట్టుకున్నారో ఫోటో తీసి గుంపులో పెట్టండి. రాయడం కష్టమైతే వాయిస్ పెట్టండి, చాలు. గూళ్లతో పువ్వులు చేసే అక్కలు ఎవరైనా ఉంటే కత్తిరించే పద్ధతి చిన్న వీడియో తీసి పంపిస్తే అందరం నేర్చుకుంటాం.